ముందు సీటు వైపు పోయిన పసుపు వైరు

మా ఇంటావిడకి,

ఇక్కడ అంతా క్షేమం. పిల్లి క్షేమం. నువ్వు వెళ్తూ మడత పెట్టి పోయిన దుప్పట్లు నేను ముట్టుకోలేదు కాబట్టి అవీ క్షేమం. నేనొక్కణ్ణే అంత క్షేమంగా లేను. మీరు ముగ్గురూ అక్కడ క్షేమంగా ఉన్నారని నా కళ్ళతో చూసేదాకా ఉండను కూడా.

ముందు ఒక్క మాట. మిగతాదంతా తర్వాత తీరిగ్గా చదువుకుందువు గాని. అత్తయ్యని కారు ఎక్కనివ్వకు. ఆగి ఉన్న కారైనా సరే, ఎక్కనివ్వకు. ముందు సీట్లో అసలే వద్దు. మీ తమ్ముణ్ణి తాళం తిప్పనివ్వకు. ఎందుకో చెప్తాను. చెప్పడానికే కూర్చున్నాను. కాకపోతే కాస్త కుదురుకోనీ. ఈలోగా మీ తమ్ముడి చేత నువ్వు పంపిన ఉత్తరానికి జవాబులు రాస్తాను.

కుళాయి బాగు చేయించారా అని అడిగావు. నేనే బాగు చేశాను. ఇప్పుడు చుక్క కూడా కారడం లేదు. తిప్పినా రావడం లేదు. ప్లంబరుకి కబురు పెట్టాను. బీపీ మాత్ర వేసుకుంటున్నారా అని అడిగావు. వేసుకుంటున్నాను. నిన్న మాత్రం వేసుకున్నానో లేదో గుర్తులేక ఆ డబ్బీ చేతిలో పట్టుకుని వంటింట్లో చాలాసేపు నిలబడ్డాను. అమ్మ మనింటికి వచ్చాక ఉండే గది సిద్ధం చేశారా అని అడిగావు. మంచం కిటికీ పక్కకి జరిపాను. మోకాలు మడవక్కర్లేకుండా ఎత్తు కుర్చీ తెచ్చాను. స్నానాల గదిలో గోడకి పట్టుకునే కడ్డీ బిగించి, నా బరువంతా వేసి ఊగి చూశాను. ఊడలేదు. అత్తయ్య బరువు నాలో సగం. నోరు మాత్రం నాకు రెండింతలు. నోటికి కడ్డీ అక్కర్లేదు కాబట్టి భయం లేదు.

చివరగా అడిగావు, "కారులో కొత్త స్టీరియో నేనే బిగించానని ఫోన్లో తెగ గొప్పలు పోయారు, ఏమీ పాడు చెయ్యలేదు కదా?" అని. నీకు నా సంగతి ఎంత బాగా తెలుసో!

పాడు చేశాను.

ఎందుకు మొదలుపెట్టానో నీకు తెలియదు. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మ ఒక్కసారి కూడా నవ్వలేదండీ, గోడ వంక చూస్తూ పడుకుంటోంది అని నువ్వు ఫోన్లో అన్నావు చూడు, ఆ మాట నా చెవిలో ఉండిపోయింది. అత్తయ్య నవ్వకపోవడమేంటి? నేను ఆవిడ కళ్ళజోడు అద్దాలకి సబ్బు పూసిన రోజు కూడా, ముందు నా వీపు పగలగొట్టి, తర్వాత నవ్వింది. అందుకని ఒక పథకం వేశాను. కారుతో వచ్చిన పాత స్టీరియోలో రేడియో గరగర తప్ప ఏమీ రాదు. పెన్‌డ్రైవ్ పెట్టుకునే సెట్టు ఒకటి తెచ్చి బిగిస్తే, అందులో నా గొంతు పెట్టొచ్చు. అత్తయ్య ముందు సీట్లో కూర్చుని, మీ తమ్ముడు తాళం తిప్పగానే కారు మాట్లాడుతుంది. అదీ సంగతి.

గొంతు సన్నం చేసుకుని, ముక్కు పట్టుకుని, రికార్డు చేశాను: "నమస్కారం. ఈ కారులోకి మీకు స్వాగతం. ముందు సీట్లో కూర్చున్న పెద్దావిడ డ్రైవరుకి సలహాలు ఇవ్వరాదు. ఇచ్చినచో కారు ఆగిపోవును. కారుకి కూడా చెవులున్నవి." పిల్లి మంచం కిందకి పారిపోయింది. అంత బాగా వచ్చింది.

స్టీరియోల కొట్టు నడిపే ఆవిడ మంచిదే. సెట్టుతోపాటు ఒక రెడీమేడ్ ప్లగ్గు కూడా చేతిలో పెట్టబోయింది. "అన్నా, ఇటు పక్క మీ కారు ప్లగ్గు, అటు పక్క కొత్త సెట్టు. టక్కున తగిలించెయ్యడమే. ఒక్క వైరు కూడా కొయ్యక్కర్లేదు" అంది. నేనేమన్నానో తెలుసా? "చేతులు లేనివాళ్ళకి అమ్ముకోమ్మా అది" అన్నాను. ఆవిడ నా వంక ఒక చూపు చూసి ప్లగ్గు మళ్ళీ కొక్కేనికి తగిలించేసింది.

ఇంటి ముందు కారు పెట్టుకుని, ప్లాస్టిక్ స్కేలుకి గుడ్డ చుట్టి, పాత సెట్టు చుట్టూ ఉన్న పట్టీని సందులోంచి పైకి లేపాను. గీత పడకుండా వచ్చింది. నేనే మురిసిపోయాను. స్క్రూలు విప్పాను. అందులో ఒకటి లోపల ఎక్కడో పడిపోయింది, గతుకు వస్తే ఇప్పటికీ గలగలమంటుంది. సెట్టు బయటికి లాగితే దాని వెనకాల ఇంత పెద్ద వైర్ల జడ. ఆ జడని కత్తెరతో కత్తిరించాను. అప్పటికి బాగానే ఉంది.

కొత్త సెట్టు వైర్లకి రంగుల లెక్క ఉంటుంది. నలుపు ఎర్తుకి, ఎరుపు తాళం తిప్పితే కరెంటు వచ్చేదానికి, పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే బ్యాటరీ వైరుకి. అది నాకు తెలుసు. అదే నా కొంప ముంచింది. లోపలికి తొంగి చూస్తే, వెనకాల లావుపాటి పసుపు వైరు ఒకటి అత్తయ్య కూర్చునే సీటు వైపు పోతూ కనిపించింది. పసుపుకి పసుపు. ఇంకేం కావాలి? కోశాను. కొత్త సెట్టు పసుపు వైరు దానికి మెలిపెట్టి, తాళం తిప్పాను.

సెట్టు వెలగలేదు. మీటరులో ఎర్ర లైటు ఒకటి వెలిగింది. కూర్చున్న మనిషి బొమ్మ, పొట్ట ముందు ఒక బంతి పట్టుకున్నట్టు. ఆ బొమ్మ నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

గబగబా ఆ పసుపు వైరుని మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలా కలిపి టేపు చుట్టేశాను. చిన్న బల్బు ఒక్కో వైరుకీ ఆనించి, వెలుగుతుందో లేదో చూసి అసలు బ్యాటరీ వైరు పట్టుకున్నాను. సెట్టు వెలిగింది. పాడింది. నా సన్నగొంతు కారంతా మోగింది. ఎర్ర మనిషి మాత్రం ఆరలేదు. కొత్త సెట్టుకి అలవాటు పడక అలిగాడులే, నాలుగు రోజులు తిరిగితే వాడే సర్దుకుంటాడు అనుకున్నాను. నల్ల టేపు గోరంత ముక్క కత్తిరించి మీటరు అద్దం మీద వాడి ముఖానికి అంటించేశాను. మీ తమ్ముడు వచ్చి కారు తీసుకుని పోయాడు.

తర్వాత మీ ఇంటి ముందు జరిగింది నీకే బాగా తెలుసు. వాడు ఫోన్ చేసి చెప్పాడు: "బావా, అమ్మ పడీ పడీ నవ్వింది! కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, మళ్ళీ పెట్టరా అంటోంది. రోజూ సాయంత్రం కారులో కూర్చుంటానంటోంది, ఆ ముక్కుగొంతు వినడానికే!" నేను ఇక్కడ ఒక్కణ్ణే వంటింట్లో గంతులేశాను.

ఆ సంతోషంలో ఇంకో జత స్పీకర్లు కొందామని ఆ కొట్టుకి వెళ్ళాను. గొప్పలు చెప్పుకోవడానికి అని కూడా చదువుకో. అంతా విని ఆవిడ ఒక్కటే అడిగింది.

"పసుపు వైరు ఎక్కణ్ణించి కలిపావన్నా?"

"వెనకాల లావుపాటిది ఉంది కదమ్మా, అటు సీటు వైపు పోయేది, ముందు దాన్ని..."

ఆవిడ చేతిలో ఉన్న స్పీకరు బల్ల మీద పెట్టేసింది.

"దాన్ని కోశావా?"

"మళ్ళీ కలిపేశాగా!"

"అన్నా, అది ఎయిర్‌బ్యాగ్ వైరు. కారు గుద్దుకుంటే ముందు నుంచి సంచి ఉబ్బి మనిషిని ఆపుతుందే, దానిది. ఎవరూ ముట్టుకోకుండా ఉండాలనే దానికి పసుపు రంగు వేస్తారు. బ్యాటరీ తీగ విప్పేసే చేశావు కదా పని?"

"విప్పితే కారు గడియారం మళ్ళీ సరిచెయ్యాలి కదా అని..."

ఆవిడ తలకాయ పట్టుకుంది. ఇప్పుడేమవుతుందమ్మా అని అడిగాను. "గుద్దుకున్నప్పుడు ఆ సంచి తెరుచుకోకపోవచ్చు. లేకపోతే ఆ అతుకు కదిలి, ఏమీ లేకుండానే పేలనూ వచ్చు. ఏది జరుగుతుందో నాకూ తెలీదు. తెరుచుకునేటప్పుడు మాత్రం టపాకాయలా తెరుచుకుంటుంది. ఎదురుగా దగ్గరగా ఉన్నవాళ్ళ ముఖం..." అని ఆపేసింది. ఆపకుండా చెప్పినా బాగుండేది.

అత్తయ్య ఎలా కూర్చుంటుందో నీకు తెలుసుగా. సీటుకి వీపు ఆనించదు. ముందుకి వంగి, రెండు చేతులూ ముందున్న పలక మీద పెట్టి, రోడ్డంతా తనే నడుపుతున్నట్టు చూస్తుంది. కొత్త మోకాలు మడవలేదు కాబట్టి వెనక సీటులో పట్టదు. అంటే ఆ సంచికి జానెడు దూరంలో ఆవిడ ముఖం. రోజూ సాయంత్రం. నా గొంతు వినడానికి.

కొట్టు మెట్ల మీదే కూర్చుని నీకు ఫోన్ చేశాను. ఆ ఫోన్ నీకు గుర్తుండే ఉంటుంది. మీరు దాన్నెలా విన్నారో నాకు తెలుసు, నేనెలా విన్నానో నీకు తెలియదు. అందుకే రాస్తున్నాను.

"ఒసే, అమ్మని కారులోంచి దింపు" అన్నాను.

"అదేంటండీ, ఇప్పుడే కూర్చుంది."

"దింపవే! ముందున్న పలకలోంచి సంచి పేలుతుంది. నేను వైరు కోసేశాను."

"కోసేశారా?" అన్నావు. నమ్మావనుకుని ఊపిరి పీల్చుకున్నాను. నువ్వు ఫోన్ పక్కకి పెట్టి, "అమ్మా, ఇది రెండో భాగం అట! ఇప్పుడు కారు పేలుతుందట!" అన్నావు. అత్తయ్య నవ్వు వినిపించింది. నెలంతా గోడ వంక చూసిన మనిషి నవ్వు. ఫోన్ తీసుకుని, "అల్లుడుగారూ, పేలనీండి. నా మోకాలు పేలినంత నొప్పి ఉండదులే" అంది. ఏడుపొచ్చింది నాకు. "అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, దిగండి" అన్నాను. "కాలు పట్టుకునేటప్పుడు కొత్త మోకాలు కాకుండా రెండోది పట్టుకోండి బాబూ" అంది. వెనకాల మీ తమ్ముడి పకపకలు.

వాడికి ఇమ్మన్నాను. "ఒరేయ్, మీటరు అద్దం మీద గోరంత నల్ల టేపు ఉంటుంది, పీకి చూడు. కింద ఎర్రలైటు వెలుగుతూ ఉంటుంది" అన్నాను. పీకాడు. ఇక నమ్మక చస్తాడా అనుకున్నాను. "బావా! ఎర్ర మనిషిని కూడా పెట్టావా! ఇదెలా చేశావు బావా, స్టిక్కరా, లైటా? అమ్మా, చూడు, వీడి పొట్ట చూడు, అచ్చం బావ పొట్టే!" అన్నాడు.

తప్పు మీది కాదు. ఆమధ్య నేను కుక్క కరిచిందని ఫోన్లో వెక్కి వెక్కి ఏడిస్తే, మీరంతా మందులు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. నేను ఒళ్ళో కుక్కపిల్లని కూర్చోబెట్టుకుని దాని చేత మీకు షేక్‌హ్యాండ్ ఇప్పించాను. ఇదీ అదే గొంతు. నా దగ్గర ఏడుపుకి వేరే గొంతు లేదు, ఏం చెయ్యను? మెసేజ్ పెడితే నవ్వే బొమ్మలు పంపావు. మీ పక్కింటి టైలరుకి చేస్తే, "గురువుగారూ, ఈ నెల నన్ను వదిలెయ్యండి" అని పెట్టేశాడు. మళ్ళీ మళ్ళీ చేసేసరికి నువ్వే విసుక్కుని, "ఎల్లుండి పొద్దున డాక్టరుకి మోకాలు చూపించి, అటునుంచి అటే కారులో వచ్చేస్తాం. అప్పటిదాకా ఫోన్ ఎత్తను, హాస్యం ముదిరితే చేదెక్కుతుంది" అన్నావు. అప్పటినుంచి మోగుతోంది, ఎత్తడం లేదు. ప్రతిసారీ అది మోగి మోగి ఆగిపోతుంటే, నవ్వుకుంటూ ఎత్తడం లేదా, ఎత్తలేని స్థితిలో ఉన్నారా అని నాకు తెలియడం లేదు.

ఇంతవరకూ రాసి కవరులో పెట్టుకుని పోస్టాఫీసుకి వెళ్ళాను. కౌంటరు మనిషి చిరునామా చూసి, ఎల్లుండి లోపల అందడం కల్ల అన్నాడు. అక్కణ్ణించి అటే మా గోడౌనుకి వెళ్ళి సెలవు అడిగాను. మేనేజరు కళ్ళజోడు తీసి, "మీ అత్తగారికి బాగాలేదా? ఇదివరకు రెండుసార్లు పోయారు కదా ఆవిడ?" అన్నాడు. సెలవు చీటీ ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. ఉద్యోగం ఉందో లేదో వచ్చాక చూసుకుందాం.

ఇప్పుడు బస్సులో ఉన్నాను. కవరు చింపి, కాగితాలు మోకాలి మీద పెట్టుకుని మిగతాది రాస్తున్నాను. అక్షరాలు ఎగిరెగిరి పడుతున్నాయి, గతుకులవి కొన్ని, నావి కొన్ని. గతుకు వచ్చినప్పుడల్లా ఆ అతుకే గుర్తొస్తోంది. వేళ్ళతో మెలిపెట్టి, పైన ఇంత టేపు చుట్టాను. కుళాయికి చుట్టినట్టు.

ఇందాక రోడ్డు పక్కన మన కారు రంగు కారు ఒకటి ఆగి ఉంది. చుట్టూ జనం. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. ఎవరో ముసలావిడ కాళ్ళు బయటపెట్టి ముందు సీట్లో పక్కకి వాలి కూర్చుంది. ముఖం కనపడలేదు. "ఆపండి, ఆపండి" అని అరుచుకుంటూ డ్రైవరు దగ్గరికి పరిగెత్తాను. "ఇక్కడ స్టాపు లేదయ్యా" అన్నాడు. "మా అత్తగారు" అన్నాను. నా ముఖంలో ఏం చూశాడో, ఆపాడు. దిగి పరిగెత్తాను. టైరు పంచరు. ఆ ముసలావిడ అరటిపండు తింటోంది. "ఏం నాయనా, రొప్పుతున్నావు?" అంది. ఏమీ లేదమ్మా అని, ఆవిడ చేతులు ఒకసారి పట్టుకుని, మళ్ళీ బస్సెక్కాను. బస్సులో ఎవరూ నవ్వలేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నమ్మారు నన్ను. నా వాళ్ళు నమ్మరు. అలా చేసుకున్నాను.

ఇక అసలు సంగతి. ఇంతవరకూ రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. ఎర్ర మనిషి అలిగాడులే అనుకున్నాను అని రాశాను చూడు, అది. అలా అనుకోలేదు. ఎర్ర లైటు దేనికి వెలుగుతుందో నాకు తెలియకపోవచ్చు గాని, ఎరుపు అంటే ఏమిటో నాకు తెలియదా? టేపు అంటిస్తున్నప్పుడే అది తప్పని తెలుసు. మీ తమ్ముడు కారు తీస్తున్న పొద్దున, నేను కిటికీ దగ్గరికి వెళ్ళాను. "ఒరేయ్, ఒకసారి మెకానిక్‌కి చూపించి తీసుకెళ్ళరా, ఏదో లైటు వెలుగుతోంది" అనే మాట నాలుక మీద ఉంది. చెబితే వాడు మెకానిక్ దగ్గరికి వెళ్తాడు, అక్కడ సెట్టు వేస్తారు, అక్కడే నా గొంతు మోగిపోతుంది, అత్తయ్య దగ్గరికి వెళ్ళేసరికి వాడికి తెలిసిపోయి ఉంటుంది, హాస్యం చప్పబడిపోతుంది. ఆ ఒక్క లెక్కతో మింగేశాను. అందుకే ఇంటి ముందు నేనే తాళం తిప్పి, అది నోరు తెరవకముందే సెట్టు ఆపి మరీ వాడి చేతికిచ్చాను; కారు ఆపి మళ్ళీ తాళం తిప్పితే గాని అది మాట్లాడదు. చేతులూపి పంపించాను. తెలియక చేసింది వైరు కొయ్యడం. తెలిసి చేసింది ఇది.

ఇది నీకు ఫోన్లో చెప్పలేదు. చెప్పినా రెండో భాగంలో కలిపేసేదానివి. కాగితం మీద అయితే నమ్ముతావని నాకొక ఆశ. నాకు అక్షరం రాయడమంటే బస్తా మొయ్యడం. పెళ్ళయిన దగ్గర్నుంచి నీకు నేను రాసినవి పెట్టెలో వేసినా అడుగు నిండవు. అబద్ధం కోసం ఇన్ని బస్తాలు ఎవడు మోస్తాడే?

బస్సు ఊళ్ళోకి వస్తోంది. సాయంత్రం అవుతోంది. ఆవిడ కారులో కూర్చునే వేళ ఇది.

నేను రాగానే మీరు ముగ్గురూ నవ్వుతారు. నవ్వుకోండి. నేను మాట్లాడను, మాట్లాడితే చెడిపోతుంది. అత్తయ్య ముందు సీట్లో ఉంటే రెండు చేతుల మీదా ఎత్తుకుని దింపేస్తాను, కొడితే పడతాను. ఈ కాగితాలు నీ చేతిలో పెట్టి, కారు తలుపుకి ఆనుకుని నిలబడతాను. నువ్వు చివరిదాకా చదివేవరకూ ఎవరినీ దాని దగ్గరికి రానివ్వను.

చదివేశావు కదా. ఇప్పుడు తల ఎత్తి నా ముఖం చూడు. నవ్వుతున్నానా?

మీ తమ్ముడి చేతిలోంచి తాళం తీసుకుని రా.

ఇట్లు,
కారు తలుపుకి ఆనుకుని నిలబడ్డ
మీ ఆయన